పాటల పోస్టు: బ్రిస్బేన్ సెయింట్స్ మీద మీ ఉత్తరాలు

కిందటి నెల ఒకాయన "పంక్ రాక్, అదే, గిటార్లు దూకుడుగా వాయిస్తూ అరిచి పాడే పాట, ఎక్కడ పుట్టింది?" అని అడిగితే, "అందరూ లండన్ అంటారు, నన్నడిగితే ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ అనే ఊళ్లో, పోలీసులు మీద పడుతున్నా ఆగని ద సెయింట్స్ అనే బ్యాండు చేతుల్లో" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఘంటసాల మీద నాలుగు పేజీలు రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. సగం తిట్లే. కాబట్టి ఈ నెల ఆ ఉత్తరాలకే జవాబులు. హార్మోనియంలో చీమలు చేరాయని రాసిన జగ్గయ్యపేట అమ్మగారికి మాత్రం విడిగా కార్డు వేశాను, ఆవిడ కంగారుపడక్కర్లేదు.

"సార్, మీ జవాబు హాస్టల్లో చదివి వినిపించి పరువు పోగొట్టుకున్నాను. అమెరికా బ్యాండు రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976 ఏప్రిల్లోనే వచ్చింది. మీ సెయింట్స్ రికార్డు సెప్టెంబరులో. మరి వీళ్లు మొదటివాళ్లెలా అవుతారు?"
— డిగ్రీ విద్యార్థి, నరసరావుపేట

నీ పరువు నీకు వాపసు ఇస్తున్నాను, తీసుకో. తేదీలు నువ్వు చెప్పినవే కరెక్టు. "పుట్టింది" అన్న మాట నేను ఆవేశంలో వాడాను. రామోన్స్ ముందు, సెయింట్స్ తర్వాత. కానీ మీ హాస్టల్లో ఎవరైనా లండన్ పేరెత్తితే మాత్రం తగ్గకు. లండన్ బ్యాండు ద డామ్‌న్డ్ వాళ్ల "న్యూ రోజ్" 1976 అక్టోబరులో వచ్చింది. ఇంకో లండన్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ వాళ్ల మొదటి రికార్డు నవంబరులో వచ్చింది. సెయింట్స్ "ఐయామ్ స్ట్రాండెడ్" సెప్టెంబరుకే చేతిలో ఉంది. ఇంగ్లండు కంటే నెల ముందు.

అయితే నెలల లెక్క నాకంత ముఖ్యం కాదు. అది ఎలా వచ్చిందో విను. క్రిస్ బెయిలీ పాడేవాడు, ఎడ్ క్యూపర్ గిటారు, ఇవర్ హే డ్రమ్ములు. బడి రోజుల స్నేహం. 1973లో మొదలుపెట్టారు. అప్పుడు పేరు కిడ్ గలహాడ్ అండ్ ది ఎటర్నల్స్, మరుసటేడాది సెయింట్స్ అయ్యారు. బెయిలీ కెన్యాలో పుట్టాడు, తల్లిదండ్రులు ఐరిష్‌వాళ్లు. బెల్‌ఫాస్ట్‌లో కొన్నేళ్లుండి, ఏడేళ్ల వయసులో బ్రిస్బేన్ వచ్చిపడ్డాడు. క్యూపర్ పుట్టింది జర్మనీలో, బ్రెమెన్‌లో. అంటే "ఆస్ట్రేలియా పంక్" అని మనం గొప్పగా చెప్పుకునేది ఇద్దరు వలస పిల్లలు ఊరి చివర షెడ్డులో కూర్చుని చేసిన పని.

వాళ్లను ఏ హోటలూ పిలవలేదు, ఏ క్లబ్బూ రానివ్వలేదు. దాంతో బ్రిస్బేన్‌లోనే పెట్రీ టెర్రస్ అనే పేటలో బెయిలీ, హే కలిసి అద్దెకున్న ఇంటినే "76 క్లబ్" అని పేరుపెట్టి కచేరీ హాలు చేసేశారు. ఆ తర్వాత సొంతంగా స్టూడియో మాట్లాడుకుని, "ఫేటల్" అని సొంత లేబుల్ పేరు పెట్టుకుని, "ఐయామ్ స్ట్రాండెడ్" సింగిల్, అంటే చిన్న రికార్డు, ఐదొందల కాపీలు కొట్టించారు. మన దగ్గర పెళ్లి శుభలేఖలు కూడా అంతకంటే ఎక్కువే వేయిస్తాం. అందులో కొన్ని పోస్టులో ఇంగ్లండు పత్రికలకు పంపారు. "సౌండ్స్" అనే వారపత్రిక సమీక్షకుడు దాన్ని "ఈ వారానికే కాదు, ప్రతి వారానికీ ఇదే మేటి సింగిల్" అని రాసేశాడు.

ఇక చూడు తమాషా. లండన్‌లో ఉన్న ఇ.ఎం.ఐ. అనే పెద్ద రికార్డు కంపెనీవాళ్లు సిడ్నీ శాఖకు కబురు పెట్టారు, బ్రిస్బేన్‌లో ఇలాంటి కుర్రాళ్లు ఉన్నారట, మూడు ఆల్బమ్‌లకు సంతకం పెట్టించండి అని. పెరట్లో ఉన్నదాన్ని సముద్రం అవతలివాడు వేలు పెట్టి చూపిస్తే గానీ ఇంట్లోవాళ్లకు కనబడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్లు. వీళ్లు రచ్చ గెలిచి వచ్చినా ఇంట్లో తలుపు అరగంట తర్వాతే తీశారు.

ఇంకో ముక్క కూడా హాస్టల్లో చెప్పు. 1974లో వాళ్లు సాధన చేస్తుండగా తీసిన టేపు ఒకటి 1995లో రికార్డుగా వచ్చింది. రామోన్స్ ఆల్బమ్ ఎవరికీ తెలియక ముందే అదే దూకుడు, అదే గిటారు రొద. న్యూయార్క్‌లో రామోన్స్, బ్రిస్బేన్‌లో వీళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే గోడ తవ్వుకుంటూ వచ్చారు. నాకు అదే ముచ్చట. ఎవరు ముందు బయటపడ్డారన్నది మీ హాస్టల్‌వాళ్లకే వదిలేస్తున్నాను.

"నలభై ఏళ్లు పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పాను. మీ మాట మీద గౌరవంతో మనవడి ఫోనులో ఆ పాట విన్నాను. శ్రుతి ఉంది, లయ ఉంది, సంగీతం మాత్రం కనబడలేదు. దీన్ని ఏమంటారు?"
— విశ్రాంత సంగీత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

అమ్మా, మీరు మొత్తం విన్నారు, అదే నాకు పదివేలు. శ్రుతి, లయ ఉన్నాయని ఒప్పుకున్నారు కదా, మూడోది నేను అడగను. ఒక్కటే మనవి. ఆ గిటారును రాగం కోసం వినకండి. జాతరలో డప్పు విన్నట్టు వినండి. అది కూర్చోబెట్టడానికి కాదు, లేపి నిలబెట్టడానికి.

"పోలీసు డిపార్టుమెంటులో ముప్పై మూడేళ్లు చేశాను. పాటలు పాడుకునే కుర్రాళ్ల మీదికి పోలీసులు ఎందుకు వెళ్తారు? ఏదో చేసే ఉంటారు. మీరు ఒక వైపే రాస్తున్నారనిపిస్తోంది."
— రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, హనుమకొండ

మీరడిగింది న్యాయమే. కానీ ఆ రోజుల్లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం సంగతి వేరు. బ్రిస్బేన్ దాని రాజధాని. జో బ్యెల్కె-పీటర్సన్ అనే ఆయన 1968 నుంచి 1987 దాకా, పంతొమ్మిదేళ్లు, అక్కడ ముఖ్యమంత్రి. వాళ్లు ప్రీమియర్ అంటారు. 1971లో దక్షిణాఫ్రికా తెల్లవాళ్ల రగ్బీ జట్టు ఆడటానికి వస్తే, జనం అడ్డుపడతారని రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి పెట్టేశాడు. 1977 సెప్టెంబరులో రోడ్డు మీద ఊరేగింపులు కూడదన్నాడు. స్పెషల్ బ్రాంచి అని మీ డిపార్టుమెంటులో ఉండేలాంటిదే అక్కడా ఉండేది. విద్యార్థులు, యూనియన్లవాళ్లు, పొడుగు జుట్టువాళ్లు, అందరి మీదా దాని కన్ను ఉండేది.

చివరికి ఏమైందో కూడా చెప్పాలి కదా. 1987లో ఫిట్జ్‌జెరాల్డ్ కమిషన్ కూర్చుని రెండేళ్లు విచారణ చేసింది. ఆ రాష్ట్ర పోలీసు కమిషనర్ టెర్రీ లూయిస్ లంచాల కేసులో 1991లో జైలుకి వెళ్లాడు. స్పెషల్ బ్రాంచి 1989లో ఎత్తేశారు. ఇవన్నీ ఆ ప్రభుత్వమే తర్వాత ఒప్పుకున్న సంగతులు, నా కల్పన కాదండీ.

మీరు ఊహించని సంగతి ఇంకోటుంది. సెయింట్స్ మొదటి పాటల్లో ప్రభుత్వం మీద ఒక్క నినాదం లేదు. చిక్కుబడిపోయాను, ఎటూ పోలేను, అని ఓ కుర్రాడు అరవడం తప్ప ఇంకేం లేదు. పోలీసుల ఊరి మీద సూటిగా పాట రాసింది 1978లో, మూడో ఆల్బమ్‌లో. "బ్రిస్బేన్ (సెక్యూరిటీ సిటీ)" దాని పేరు. అప్పటికి వాళ్లు లండన్ వెళ్లి ఏడాది దాటింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఊరి మీద పాట రాలేదు. నాకు ఇది బాగా తెలుసు. తెనాలిలో ఉన్నన్నాళ్లు తెనాలి గురించి ఒక్క ముక్క రాయని నేను, చదువుకోవడానికి వెళ్లి బ్రిస్బేన్‌లో డబ్బా పాలతో చేసిన టీ తాగుతూ తెనాలి రైల్వే గేటు మీద ఆరు పేజీలు రాశాను. అది ఎవరూ అచ్చు వేయలేదు, అది వేరే విషయం.

"గురువుగారూ, నేను పెళ్లిళ్ల బ్యాండు సెట్టులో ట్రంపెట్ వాయిస్తాను. పంక్ అంటే గిటార్లు, అరుపులే అంటారు. మా బూరలకి అందులో చోటు లేదా? మా అబ్బాయి మా వాయిద్యాన్ని చూసి నామోషీ పడుతున్నాడు."
— బ్యాండు కళాకారుడు, ఏలూరు

తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నీదే నాకు నచ్చింది. మీ వాడిని కూర్చోబెట్టి "నో యువర్ ప్రొడక్ట్" అనే పాట వినిపించు. 1978. మొదటి అర నిమిషంలోనే బూరలు విరుచుకుపడతాయి. మీ సెట్టు పెళ్లివారింటి సందు మలుపు తిరగ్గానే ఒక్కసారి ఎత్తుకుంటుంది చూడు, అటు అరుగు మీద ముసలాయన కూడా లేచి నిలబడతాడు, అచ్చం అలా.

ఇప్పుడు దీని వెనక కథ. 1977లో సెయింట్స్ లండన్ చేరారు. మొదటి ఆల్బమ్ బ్రిస్బేన్‌లోనే రెండు రోజుల్లో తీసేసుకుని వెళ్లారు. "దిస్ పర్‌ఫెక్ట్ డే" అనే పాట ఇంగ్లండు రికార్డు అమ్మకాల పట్టికలో 34వ చోటుకి ఎక్కింది. "టాప్ ఆఫ్ ద పాప్స్" అని అక్కడ దేశమంతా చూసే టీవీ కార్యక్రమంలో వాయించారు. అదే వాళ్ల పై మెట్టు. అక్కణ్నుంచి అంతా దిగుడే.

ఎందుకంటే అప్పటికి లండన్‌లో పంక్ అంటే ఓ యూనిఫారం అయిపోయింది. జుట్టు ముళ్లలా నిలబెట్టాలి, చొక్కాకి పిన్నీసులు పెట్టాలి. మన సెయింట్స్ చూస్తే పొడుగు జుట్టు, నలిగిన చొక్కా, బట్టల గొడవే పట్టని మనుషులు. మొదటి ఆల్బమ్ అట్ట మీద బొమ్మ చూస్తే నీకే తెలుస్తుంది. పాడుబడ్డ ఇల్లు, పొయ్యి గూడు పైన గోడ మీద పాట పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో రంగుతో రాసి ఉంటుంది. బేస్ గిటారు కుర్రాడితో కలిపి నలుగురూ ఎవరి ఇంటికో సున్నం వేయడానికొచ్చి యజమాని కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటారు.

కంపెనీవాళ్లు చెప్పిన వేషం వేసి, మొదటి పాటనే ఇంకో పదిసార్లు తిప్పి వాయించి ఉంటే నాలుగు డబ్బులు చేసుకునేవాళ్లు. అలా చేయలేదు. రెండో ఆల్బమ్ "ఎటర్నల్లీ యువర్స్"లో బూరలు పెట్టారు. మూడోది "ప్రీహిస్టారిక్ సౌండ్స్"లో ఇంకా ఎక్కువ పెట్టారు, పైగా సోల్ అనే అమెరికా నల్లజాతి బాణీలో పేరుపడ్డ ఓటిస్ రెడ్డింగ్ పాట ఒకటి, అరీతా ఫ్రాంక్లిన్ పాట ఒకటి తీసుకుని తమ పద్ధతిలో పాడారు. పంక్ అభిమానులకు ఇది మింగుడుపడలేదు. సోల్ అభిమానులు వీళ్ల వైపు తొంగి చూడలేదు. ఇ.ఎం.ఐ. చేతులు దులుపుకుంది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, వీళ్ల తర్వాత వచ్చిన లండన్ కుర్రాళ్ల బొమ్మలు ఈనాటికీ టీషర్టుల మీద తిరుగుతున్నాయి.

అందరూ మొదటి పాటకి దండం పెడతారు. నేను మూడో ఆల్బమ్ మనిషిని. దాంట్లో బూరలు సంబరంగా మోగవు, అలిసిపోయి మోగుతాయి. తెల్లారి నాలుగింటికి పెళ్లి అయిపోయాక, మీ సెట్టులో ఒకతను ఊరికే పెదాలకు ట్రంపెట్ ఆనించి రెండు స్వరాలు ఊదుతాడే, అలాంటి మోత. మీ వాడు ఇప్పుడే వినక్కర్లేదు. ముప్పై దాటాక వింటాడు.

"మేం తొమ్మిదేళ్లుగా బ్రిస్బేన్‌లోనే ఉంటున్నాం. మీ శీర్షిక మా అమ్మ ఫోటో తీసి పంపిస్తుంది. పదో తరగతి చదివే మా అబ్బాయి గిటారు నేర్చుకుంటున్నాడు. ఆ బ్యాండు ఊరు ఇదేనని తెలిసి ఎగిరాడు. చూడ్డానికి ఏమున్నాయి?"
— ఒక గృహిణి, బ్రిస్బేన్

అమ్మాయ్, ముందే చెప్తున్నాను, తాజ్‌మహల్ లాంటిదేం లేదు. మీ వాడు నిరాశపడకుండా నువ్వే చూసుకోవాలి.

రోమా స్ట్రీట్ స్టేషన్‌లో దిగి పెట్రీ టెర్రస్ వైపు నడిపించు. ఎక్కువ దూరం లేదు. ఇళ్లన్నీ ఇప్పుడు మారిపోయాయి, అయినా ఆ ఎత్తు, ఆ వాలు మారవు. గిటారు ఆంప్లిఫయర్ మోసుకుంటూ ఆ వాలు ఎక్కడం ఎలా ఉంటుందో అడుగు. కాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత ఇప్స్‌విచ్ లైను రైలెక్కి కోరిండా, ఆక్స్లీ, డారా వరసగా చూసుకుంటూ వెళ్లండి. ఆక్స్లీ క్యూపర్ పెరిగిన చోటు. డారాలో దిగి బస్సెక్కితే ఇనాలా. బెయిలీ పెరిగిన పేట అది.

ఇనాలాలో నేను మూడేళ్లున్నాను. 2006లో చదువుకోవడానికి వెళ్లినప్పుడు నలుగురు తెలుగు కుర్రాళ్లం కలిసి అక్కడ ఇల్లు తీసుకున్నాం, అద్దె తక్కువని. యుద్ధం తర్వాత ఇళ్లు లేనివాళ్ల కోసం ప్రభుత్వం కట్టించిన పేట అది. చెక్క గోడలు, రేకుల కప్పు, ముందు నాలుగు గజాల గడ్డి. మా కాలానికి వియత్నాంవాళ్లదే రాజ్యం. మార్కెట్లో మునక్కాడలు, కరివేపాకు దొరికేవి. పచ్చిమిరపకాయల విషయంలో వియత్నాం ముసలమ్మలకు, మాకు మంచి అవగాహన ఉండేది.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైర్డ్ వెల్డరు. శనివారం పొద్దున గడ్డి కోసే మిషను ఆపేసి, గరాజు తలుపు ఎత్తి, రికార్డులు పెట్టేవాడు. నేను బట్టలు ఆరేస్తూ ఒకరోజు ఆ గిటారు విన్నాను. కంచె దగ్గరికి వెళ్లి ఏమిటని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ పేట పిల్లాడే" అన్నాడు. అంతే. ఏదో తన మేనల్లుడి సంగతి చెప్తున్నట్టు. నా సంగీత పరిజ్ఞానం అంతా ఆ కంచె దగ్గరే మొదలైంది.

చివరగా నది మీద గో బిట్వీన్ బ్రిడ్జి చూపించు. 2010లో తెరిచారు. గో-బిట్వీన్స్ అని అదే ఊరి ఇంకో బ్యాండు పేరు పెట్టారు దానికి. పాటలు కట్టినవాళ్ల పేరు వంతెనకు పెట్టిన ఊరు కాబట్టి పాత కోపాలు కొంత తగ్గించుకోవచ్చు. సెయింట్స్ పేరుతో కూడా ఏదైనా వంతెన కట్టాలంటే మాత్రం అది ఇనాలాకి వేయాలి. ఆ బస్సు కోసం నేను ఎదురుచూసిన గంటలు లెక్కపెడితే ఇంకో డిగ్రీ అయ్యేది.

"సెయింట్స్ 1978లో విడిపోయారని ఒకచోట, 2012 దాకా ఆల్బమ్‌లు తీశారని ఇంకోచోట చదివాను. ఏది నిజం? సభ్యులంతా మారిపోతే అది అదే బ్యాండు ఎలా అవుతుంది?"
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

రెండూ నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

మా తెనాలిలో మా పెదనాన్న ఓ పద్యనాటక సమాజంలో హార్మోనియం వాయించేవాడు. సమాజం పేరు ఒక ఆకుపచ్చ ట్రంకుపెట్టె మీద తెల్ల రంగుతో రాసి ఉండేది. కిరీటాలు, గదలు, గడ్డాలు అన్నీ అందులోనే. ఓసారి గొడవ వచ్చి సమాజం రెండు ముక్కలైంది. హార్మోనియం మా పెదనాన్న దగ్గరుండిపోయింది. పెట్టె మాత్రం కృష్ణుడి వేషం వేసేవాడి ఇంట్లో ఉంది. ఊళ్లవాళ్లు ఎవర్ని పిలిచారనుకుంటున్నారు? పెట్టె ఉన్నవాణ్ని. ఇంకో ఇరవై ఏళ్లు ఆ పేరు మీదే ఆడాడతను, కొత్త హార్మోనిస్టుతో, కొత్త అర్జునుడితో.

బెయిలీ దగ్గర పెట్టె ఉండిపోయింది. క్యూపర్ హార్మోనియం పట్టుకుని వెళ్లిపోయాడు. 1979లో సిడ్నీలో లాఫింగ్ క్లౌన్స్ అని పెట్టి, సాక్సాఫోన్లతో జాజ్ వైపు నడిచాడు. బెయిలీ ఐరోపాలో తిరుగుతూ, ఎవరు దొరికితే వాళ్లతో, సెయింట్స్ పేరు మీద పాడుతూ పోయాడు. 1981లో "ద మంకీ పజిల్", 1984లో "ఎ లిటిల్ మ్యాడ్‌నెస్ టు బి ఫ్రీ", 1986లో "ఆల్ ఫూల్స్ డే", అలా 2012లో "కింగ్ ఆఫ్ ద సన్" దాకా. పాత గిటారు దూకుడు ఉండదు వీటిల్లో. వయొలిన్లు, నిదానం, ఓ ఐరిష్ తాగుబోతు దిగులు. 1986 ఆల్బమ్‌లోని "జస్ట్ లైక్ ఫైర్ వుడ్" అనే పాటను 2014లో అమెరికా పెద్ద గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఆల్బమ్‌లో పాడాడు. స్ప్రింగ్‌స్టీన్ ఎంచుకున్నది మొదటి ముగ్గురి పాట కాదు, బెయిలీ ఒంటరి కాలపు పాట. "1978 తర్వాత అంతా పొట్టే" అనేవాళ్లకు నేను ఈ పేరు చెప్పి నోరు మూయిస్తుంటాను.

క్యూపర్‌కి మంట ఉండదా? 1991లో ఓ బ్యాండు కట్టాడు. సెయింట్స్‌లో మొదటి ఎస్ తీసేసి "ది ఏంట్స్" అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో "కాదు" అన్న అర్థం వచ్చేలా. అంత ముద్దుగా ఎకసెక్కెం చేసే కోపం నాకు మన నాటకాలవాళ్ల దగ్గర తప్ప కనబడలేదు. 2018లో అదే పేరు మీద, అప్పట్లో సెయింట్స్ కోసం కట్టి వాడకుండా మిగిలిపోయిన పాటలన్నీ కలిపి ఆల్బమ్ తెచ్చాడు.

మధ్యలో రాజీలు కూడా ఉన్నాయి. 2001లో ఆస్ట్రేలియా రికార్డు పరిశ్రమ వాళ్లను "ఏరియా హాల్ ఆఫ్ ఫేమ్" అనే తన గౌరవ జాబితాలోకి తీసుకున్నప్పుడు పాతవాళ్లు ఒకే వేదిక ఎక్కారు. 2007లో బ్రిస్బేన్‌లో, 2009లో ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ బ్యాండ్లను ఎంపిక చేసిన ఉత్సవంలో మళ్లీ కలిశారు. నిక్ కేవ్ కుర్రతనంలో వీళ్లను మెల్‌బోర్న్‌లో చూసి దిమ్మదిరిగినవాడే. తన 2003 ఆల్బమ్‌లో ఒక పాటకు బెయిలీని పిలిచి కలిసి పాడాడు కూడా.

బెయిలీ 2022 ఏప్రిల్ 9న నెదర్లాండ్స్‌లో పోయాడు. అరవై ఐదేళ్లు. 2024లో క్యూపర్, హే కలిసి ఆస్ట్రేలియా అంతా తిరిగి పాత పాటలు వాయించారు. పాడటానికి అమెరికా మడ్‌హనీ బ్యాండు నుంచి మార్క్ ఆర్మ్‌ను తెచ్చుకున్నారు. పోస్టరు మీద పేరు ఎలా వేశారో చూడండి, "ద సెయింట్స్ '73–'78". పక్కన సంవత్సరాలు వేశారు. ఆ తర్వాతి ముప్పై నాలుగేళ్ల పేరు బెయిలీది, దాని జోలికి మేం రాం అన్నట్టు. పెట్టె పంపకం చివరికి మర్యాదగానే జరిగింది. మా పెదనాన్న కాలంలో ఈ ఆలోచన ఎవరికైనా వచ్చి ఉంటే తెనాలిలో రెండు కుటుంబాలు పెళ్లిళ్లకు వెళ్లొచ్చుకునేవి.

"ఒక్క పాట వినాలంటే ఏది?"
— పోస్టుకార్డు, ఊరు చెరిగిపోయింది

"ఐయామ్ స్ట్రాండెడ్" కాదు, అది ఎలాగూ వింటారు. "మెస్సిన్ విత్ ద కిడ్" వినండి. మొదటి ఆల్బమ్‌లోదే. నిదానంగా నడిచేది. అరిచేవాడు అరవకుండా పాడితే ఎలా ఉంటాడో తెలుస్తుంది.

"ఇంత రాశారు, ఇంతకీ మీరు వాళ్లను కళ్లారా చూశారా, లేక అన్నీ చదివినవేనా?"
— కిరాణా వ్యాపారి, మిర్యాలగూడ

సూటిగా అడిగారు. చూశాను అంటే అబద్ధం, చూడలేదు అన్నా అబద్ధమే.

2007 జులై 14, శనివారం. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆవరణలో "పిగ్ సిటీ" అని ఒకరోజు ఉత్సవం. బ్రిస్బేన్ బ్యాండ్లన్నీ, చివర్లో సెయింట్స్, పాత ముగ్గురూ కలిసి. టిక్కెట్టు కొనే డబ్బు నా దగ్గర లేదు. కానీ అప్పట్లో నేను శని, ఆదివారాలు చెత్త ఏరే పనికి వెళ్లేవాణ్ని. గంటల లెక్కన కూలి. ఆ రోజు డ్యూటీ అక్కడే పడింది. పసుపుపచ్చ చొక్కా, రబ్బరు తొడుగులు, చేతిలో పొడుగు చిమ్టా. జులై అంటే అక్కడ చలికాలం, సాయంత్రానికి గడ్డి తడిసిపోతుంది. తడి గడ్డిలో ప్లాస్టిక్ గ్లాసు చిమ్టాకి దొరకదు, జారిపోతుంది.

వాళ్లు ఎక్కే సమయానికి నన్ను వెనక వైపు, బీరు అమ్మే గుడారాల దగ్గరికి వేశారు. వేదిక కనబడదు. జనం వీపులు, వాటి పైన లైట్ల పొగ. గిటారు మాత్రం వచ్చింది. ఇనాలాలో గరాజులోంచి కంచె మీదుగా వచ్చిన మోతే, ఈసారి నేల అదిరేలా. నా పక్కన యాభై దాటిన ఒకావిడ, చెప్పులు చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని తల ఊపుతోంది. ఆవిడ కాలి దగ్గర మూడు గ్లాసులున్నాయి. తీయాలి, నా పని అదే. వంగబోయి ఆగిపోయాను, కదిలిస్తానేమోనని. పాట అయ్యేదాకా చిమ్టా పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా సూపర్‌వైజరు దూరం నుంచి చూసి కూడా ఏమీ అనలేదు. ఆయన కూడా అటే చూస్తున్నాడు.

మర్నాడు కంచె దగ్గర ఎదురింటి పెద్దాయన అడిగాడు, మా వాడు ఎలా పాడాడని. మనిషి కనబడలేదు గానీ గొంతు బాగా వినబడింది అన్నాను. ఆయన గరాజు తలుపు ఎత్తి, నాకు ఓ స్టూలు వేశాడు.